పై గాలి కిందికి దిగే నెలలు

"ఆ తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యి. పదింటికల్లా నందిగామలో ఉండాలి," అన్నాడు ఉదయభాస్కర్. సంయుక్త పప్పు దించి ఇస్త్రీపెట్టె పెట్టింది. అతనికి డాక్టరేటు వచ్చింది. పాఠాలు చెప్పే కాలేజీలోనే ఇవాళ సన్మానం.

ఇద్దరూ ఒకే ఏడు ఎమ్మెస్సీ ఫిజిక్సు చేశారు. పరిశోధనలో ముందు చేరింది సంయుక్తే. ఆకాశపు పై పొర, స్ట్రాటోస్ఫియర్‌లోని ఓజోన్ ఏ నెలల్లో మనం పీల్చే గాలిలోకి దిగుతుందో, నేల గాలి ఎప్పుడు అంతెత్తుకి పోతుందో తేల్చడం ఆమె పని. జగ్గయ్యపేటలో కాపురం పెట్టాక అత్తగారు వెంకాయమ్మ పక్షవాతంతో మంచాన పడింది. "రెండేళ్లు ఆగు, ఆకాశం ఎక్కడికీ పోదులే," అన్నాడు భర్త. రెండేళ్లు తొమ్మిదయ్యాయి. ఆవిడ ఒళ్లు తుడిచి, పక్క మార్చి, మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే గంటలో సంయుక్త వాతావరణ బెలూన్లు పైనుంచి పంపిన అంకెలు ముందేసుకునేది. "ఆ కాగితాలు కూడెడతాయా?" అనేది వెంకాయమ్మ, తిరగని నాలికతోనే. ఓజోన్ ఫాల్గుణ, చైత్రాల్లోనే ఎక్కువగా దిగుతోందని తేలిన రోజు సంయుక్తకి ఒళ్లు పులకరించింది. పరుగున వచ్చి చెప్పబోతే అతను అన్నం కలుపుతూ, "పెరుగెయ్యి," అన్నాడు.

గడువు దాటిందని యూనివర్సిటీవాళ్లు పరిశోధనలోంచి ఆమె పేరు కొట్టేశారు. "వృథాగా పోతాయి కదా," అని నోటుపుస్తకాలు అతను తీసుకున్నాడు. అతని పేరుతో థీసిస్ టైపు చేసిపెట్టింది కూడా ఆమే.

సభలో గ్రేసీ అనే డిగ్రీ అమ్మాయి లేచింది. "సార్, వానాకాలంలో ఓజోన్ ఎందుకు తక్కువ దిగుతుందండీ?"

అతను మంచినీళ్లు తాగి, ముందు వరసలో ఉన్న భార్య వంక చూశాడు. "మా ఆవిడ చెబుతుంది. టైపు చేసింది తనేగా!" అందరూ నవ్వారు.

సంయుక్త లేచింది. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఎత్తున వీచే పెనుగాలి మనకి దగ్గరగా ఉంటుందనీ, దాని అంచున పై గాలి కిందికి జారుతుందనీ, వానల్లో అది ఉత్తరానికి జరిగిపోతే మేఘాలే నేల గాలిని పైకి మోస్తాయనీ చెప్పింది. ఒక్క మాట కూడా తడుముకోలేదు.

భోజనాల దగ్గర గ్రేసీ వెతుక్కుంటూ వచ్చింది. "ఇదంతా మీరు చేసిందే కదా మేడం? మీ పేరు వెయ్యమని అడగలేదా?"

"అడిగానమ్మా. 'నా పేరంటే నీ పేరు కాదా, మనిద్దరికీ వేరేనా?' అన్నారు."

సంయుక్త కంచం పక్కన పెట్టింది.

"ఆ మాటకి ఆ రోజు నేనెంత సంతోషపడ్డానో," అంది.