తలుపు రెక్కంత బొమ్మ

ఆగండి, ఫోన్ పక్కన పెట్టి ఇది పూర్తిగా వినండి. ఇప్పుడు టైము పదకొండుంపావు. పన్నెండింటికి నా అప్లికేషన్ గడువు అయిపోతుంది. ఈలోపు నేనొకటి తేల్చుకోవాలి. జరిగినదంతా ఎవరికైనా వరుసగా చెప్పుకుంటే తప్ప నా బుర్ర కుదురుకునేలా లేదు.

నా పేరు శ్రావణి. మాది విజయనగరం, చదువంతా వైజాగ్‌లో. స్పెయిన్‌లో రెండేళ్లు కళాచరిత్ర చదవడానికి ఒక స్కాలర్‌షిప్‌కి పెట్టుకుంటున్నాను. అన్నీ సిద్ధమయ్యాయి, ఒక్క సిఫార్సు ఉత్తరం తప్ప. ఆ ఉత్తరం రాసినవారికి స్పెయిన్‌తో ఏం సంబంధమో నింపాలని ఫారంలో ఒక గడి ఉంది. మన వైపు స్పెయిన్‌తో సంబంధం ఉన్న మనిషి ఎక్కడ దొరుకుతాడు? వెతగ్గా వెతగ్గా ఒక పోస్టర్ కనిపించింది. శృంగవరపుకోట దగ్గర జీడితోటలో నాలుగు రోజులు బస, స్పానిష్ చిత్రకళ చరిత్ర మీద పాఠాలు, బోధించేది చంద్రమౌళి గారు, మాడ్రిడ్‌లో చదివినవారు. ఆ చివరి మాట చదవగానే పేరిచ్చేశాను.

మొత్తం తొమ్మిది మందిమి వచ్చాం. తోటలో పాత పెంకుటిల్లు, దానికి ఆనుకుని పాఠాలకి ఒక స్లాబు హాలు. పగలే కిటికీలు మూసేసి, తెల్లగోడ మీద ప్రొజెక్టర్‌తో బొమ్మలు వేసేవారు. చంద్రమౌళి మేస్టారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ పంచెలో ఉంటారు. ఆయన మొదటి గంట మాట్లాడగానే నేను పడిపోయాను. గోయా గీసిన కుక్క బొమ్మ వేశారు. పైన అంతా ఖాళీ, కింద మట్టిలోంచి ఒక్క కుక్క తల.

"ఇది మునిగిపోతోందని అందరూ రాస్తారమ్మా. సరే, మునుగుతోందేమో. కానీ దాని చూపు చూడండి. అది నీటిని చూడట్లేదు, మట్టిని చూడట్లేదు. ఎవరో పిలిస్తే తలెత్తినట్టు చూస్తోంది. ఆ పిలిచినవాళ్లని ఆయన గీయలేదు."

నా అప్లికేషన్ వ్యాసం ఆ పూటే చింపి మళ్లీ మొదలెట్టాను. అంతా ఆ కుక్క చూపు మీదే. సాయంత్రం ఉత్తరం అడిగితే, "అలాగేనమ్మా, నాలుగో రోజు ఇస్తాను" అన్నారు. అప్పటికి నా అనుమానం ఆయన మీద కాదు, ధనరాజు మీద.

ధనరాజుది రాజాం, ధాన్యం వ్యాపారం. యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు, చెవి దగ్గర ఎప్పుడూ ఫోను. స్పానిష్ బొమ్మలతో ఈయనకేం పని? నా గదిలో ఉన్న అనూరాధ మేడమ్ పార్వతీపురంలో హిస్టరీ లెక్చరర్. ఆవిడ మొదటి రోజే తేల్చేసింది.

"ఈ తోట మీద కన్నేసుంటాడు. సూడు, ఒక్క ముక్క రాసుకోడు. గోడలు సూస్తాడు, గుమ్మాలు సూస్తాడు."

నిజమే. మేమంతా బొమ్మని చూస్తుంటే ఆయన మేస్టారిని చూసేవాడు. భోజనాల దగ్గర వంట చేసే జగ్గమ్మని కూడా వదల్లేదు.

"జగ్గమ్మా, ఈ మేస్టారు ఇదివరకు ఎన్నిసార్లొచ్చాడే?"

"మూడుమాట్లొచ్చినాడు బాబూ. నీకెందుకు? పులుసు సల్లారిపోతాది, తిను."

"ఒక్కడే వస్తాడా? దేశంకాని దేశం నుంచి ఫోన్లేవైనా వస్తాయా?"

"ఆయనకి ఫోనొస్తే వాళ్లావిడే. మాత్ర ఏసుకున్నావా అనడుగుతాది. నువ్వేటి, పోలీసోడివా, పెళ్లిసంబంధానికొచ్చినావా?"

పంక్తిలో అందరం నవ్వాం. ధనరాజు కూడా నవ్వాడు గానీ కళ్లు మాత్రం నవ్వలేదు.

రెండో రోజు, మాడ్రిడ్ మ్యూజియంలో ఉన్న వెలాస్కెజ్ బొమ్మ వేశారు. మధ్యలో గుండ్రటి గౌనులో చిన్న రాకుమారి, చుట్టూ చెలికత్తెలు, ఎడమ పక్క కుంచె పట్టుకుని చిత్రకారుడే, వెనక అద్దంలో రాజూ రాణీ. మేస్టారు నలభై నిమిషాలు ఆగకుండా చెప్పారు. అద్దం అంచు దగ్గర రంగు ఎలా పల్చబడిందో చెప్తూ, "భూతద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది" అన్నారు. అప్పుడు ధనరాజు చెయ్యెత్తాడు.

"మేస్టారూ, ఆ బొమ్మ ఎంతుంటాది?"

"ఎంతంటే?"

"కొలత. మా మిల్లు ఆఫీసులో ఫ్లెక్స్ ఏయించుకుందామని. ఆడు సైజు అడుగుతాడు కదా."

మేస్టారు ఒక్క క్షణం గోడవైపు చూశారు. చేతులు కొంచెం చాపి, "ఒక తలుపు రెక్కంత ఉంటుందండీ" అన్నారు.

"అంతమంది జనం తలుపు రెక్కలో పట్టారా?"

"పెద్ద తలుపు లెండి."

"మీరు దాని పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఏదైనా ఉందేటి?"

"అక్కడ ఫొటోలు తీయనివ్వరు."

"బొమ్మల కాడ తియ్యనివ్వరు, సరే. బయట గుమ్మం కాడ?"

మేస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని తర్వాతి బొమ్మకి వెళ్లిపోయారు. నాకు ధనరాజు మీద ఒళ్లు మండిపోయింది. ధాన్యం బేరంలా ఇదేం ప్రశ్న అని. కానీ ఆ రాత్రి నిద్రపట్టే ముందు ఒకటి తట్టింది. మ్యూజియంలో అంత పేరున్న బొమ్మ దగ్గరికి భూతద్దంతో ఎవరు పోనిస్తారు?

మూడో రోజు మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్న వేళ, నోట్‌బుక్ మర్చిపోయానని హాలుకి వెళ్లాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ధనరాజు స్టూలెక్కి, ఇనుప టేపుతో గోడ కొలుస్తున్నాడు. అనూరాధ మేడమ్ చెప్పిందే నిజమనుకున్నాను. గుమ్మంలోనే నిలబడి అడిగేశాను.

"తోట కొనడానికొచ్చారా మీరు?"

ఆయన ఉలిక్కిపడలేదు. టేపు చుట్టుకుంటూ కిందికి దిగాడు.

"తోటెందుకు పాపా నాకు? ఇలా రా, ఇది సూడు." గోడ మీద సుద్దముక్కతో ఒక పెట్టె గీసి ఉంది. "ఇది మేస్టారు సెప్పిన తలుపు రెక్క. మా రాధిక, మా అమ్మాయి, ఫోన్లో ఎతికి అసలు కొలత పంపింది. అడ్డం తొమ్మిదడుగులు. అదిగో ఆ కిటికీ దాకా. నిలువు పదిన్నర. గుర్తు పెడదామంటే గోడ సాల్లేదు. స్లాబు అడ్డొచ్చేసింది."

నేను పైకి చూశాను. ఆ బొమ్మ ఈ హాల్లోకే రాదు. నిలబెట్టడానికి చోటే లేదు. దాని ముందు ఒక్కసారి నిలబడిన మనిషి ఇంకేదైనా మర్చిపోవచ్చు గానీ దీన్ని మర్చిపోతాడా?

"మీకెందుకీ ఆరా?" అన్నాను.

"మా రాధిక ఇంటర్ అయింది. బొమ్మలే నేర్సుకుంటానంటాది. ఈ మేస్టారింట్లో ఏడాది ఉండి నేర్సుకుంటాదట. పిల్లని పంపే ముందు సూసుకోవా? మా యాపారంలో పైనున్న గింజ ఎవడూ సూడడు. ఇనప గొట్టం బస్తా పొట్టలో పొడిసి, లోపల్నుంచి తీసి సూస్తాం. నేను పొడిసేను, అంతే."

"లోపల ఏముంది మరి?"

"అదే అర్థం కావట్లేదు. అబద్ధం సెప్పేవోడు గబుక్కున ఏదో కొలత సెప్పేస్తాడు. ఈయన గోడకేసి సూసి, సేతులు సాపి కొలుసుకున్నాడు."

ఇంక ఉండలేకపోయాను. సాయంత్రం జీడిచెట్ల కింద మేస్టారు ఒక్కరే కూర్చున్నప్పుడు వెళ్లి పక్కన చతికిలబడ్డాను. ఎలా మొదలెట్టాలో తెలీక అసలు మాటే అడిగేశాను.

"మీరు మాడ్రిడ్ వెళ్లారా మేస్టారూ?"

"లేదమ్మా," అన్నారు. ఎన్నాళ్లుగానో ఎవరైనా అడిగితే బాగుణ్ణని ఎదురుచూస్తున్నట్టు, వెంటనే. "వెళ్లలేదు. రెండుసార్లు పాస్‌పోర్టు తీయించుకున్నాను. రెండుసార్లూ గడువు అయిపోయింది."

తర్వాత ఆయనే చెప్పుకొచ్చారు. శ్రీకాకుళం పక్క హైస్కూల్లో ముప్పై ఒక్కేళ్లు డ్రాయింగ్ మేస్టారు. వైజాగ్‌లో పాత పుస్తకాల బండి మీద స్పానిష్ బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. అది మొదలు. భూతద్దం పెట్టి చూసింది ఆ పుస్తకంలోనే. క్లాసులో ఎప్పుడూ మాడ్రిడ్ మాడ్రిడ్ అనేవారట. రిటైరైన రోజు పాత విద్యార్థులు సన్మానం పెట్టారు. సన్మానపత్రం రాసిన కుర్రాడు లక్ష్ముడు, మేస్టారంటే ప్రాణం వాడికి. ‘మాడ్రిడ్ మహానగరమున చిత్రకళాభ్యాసమొనర్చిన’ అని రాసేశాడు. మైకులో చదివాడు.

"అప్పటికి నా భుజం మీద శాలువా ఉంది, మెడలో దండ ఉంది. మన సభల్లో నీకు తెలియనిదేముంది, అందరికీ రెండు బిరుదులు ఎక్కువే ఇస్తారు. ఆ దండతో లేచి, ఒరే లక్ష్ముడూ తప్పు రాశావురా అని ఎలా అంటాను? వాడి అమ్మా నాన్నా ముందు వరసలో కూర్చున్నారు. రేపు చెప్దాంలే అనుకున్నాను. రేపటికి దానికి ఫ్రేము కట్టించి ఇంటికి పట్టుకొచ్చేశారు. పోస్టరు వేసినవాళ్లు ఆ ఫ్రేము చూసి వేశారు. ఏడేళ్లయింది."

"మూడుసార్లు ఇక్కడ పాఠాలు చెప్పారు కదా. ఒక్కసారైనా..."

"చెప్పొచ్చు. చెప్పలేదు. అప్పుడు శాలువా కూడా లేదు." ఆయన నేల మీది ఎండుటాకు ఒకటి తీసి ముక్కలు చేస్తూ ఉండిపోయారు.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. అంతలోనే ఇంకో అనుమానం పట్టుకుంది, అది నా మీద నాకే. నేను ఈ మనిషి దగ్గరికి కుక్క చూపు కోసం వచ్చానా, పోస్టర్‌లో ఆ ఒక్క మాట కోసమే వచ్చానా?

ఈ ఉదయం టిఫిన్ అవ్వగానే మేస్టారు నన్ను పిలిచి రెండు కాగితాలు చేతిలో పెట్టారు. రెండింటి మీదా సంతకం ఉంది. ఒకదాంట్లో ‘మాడ్రిడ్‌లో చదివిన నేను’ అని మొదలవుతుంది. రెండోదాంట్లో ‘స్పెయిన్ ఎన్నడూ చూడని, హైస్కూల్ డ్రాయింగ్ మేస్టారుగా పనిచేసిన నేను’ అని. మిగతాదంతా అక్షరం తేడా లేదు. నా గురించి అంత మంచిగా ఎవరూ ఎప్పుడూ రాయలేదు.

"మొదటిది నువ్వు వాడుకున్నా నేను తప్పుపట్టను," అన్నారు. "ఆ అబద్ధం నాది, నీది కాదు. అక్కడివాళ్లు ఫోన్ చేస్తే నేనే జవాబు చెప్తాను. పదకొండు గంటలకి క్లాసులో అందరికీ నిజం చెప్పేస్తున్నాను. నువ్వు రానవసరం లేదు, నీ పని చూసుకో."

నెట్ హాలు స్లాబు మీదే అందుతుంది. పైకొచ్చాను. మెట్ల దగ్గర ధనరాజు ఎదురయ్యాడు. రాత్రే మేస్టారు ఆయనకి అంతా చెప్పేశారట.

"మరి రాధికని పంపుతారా?" అని అడిగాను.

"పంపుతాను. గింజ మంచిదే పాపా. సంచి మీద అచ్చే తప్పు."

"నా ఉత్తరం సంగతి ఏం చెయ్యమంటారు?"

"నాకు సంచి మార్సడం ఒక్క పూట పని. నీకు మారిస్తే సరుకే ఎనక్కొచ్చేస్తాదేమో. నేను సెప్పలేను." అంటూ హాలువైపు దిగిపోయాడు.

రెండో ఉత్తరం పెడితే ఆ గడిలో ఏం రాయాలి? ‘సంబంధం లేదు’ అని రాస్తే వ్యాసం తెరవకుండానే పక్కన పడేస్తారు. ఈ ఏడాది పోతే వచ్చే ఏడాదికి వయసు పరిమితి దాటిపోతాను, ఇంక ఇదే ఆఖరు. మొదటిది పెడితే బహుశా ఎవరూ కనుక్కోరు. కనుక్కున్నా ఆయన తన మీద వేసుకుంటానన్నారు. కానీ కింద హాల్లో ఏడేళ్ల మాట ఆయన ఇప్పుడే వదిలించుకుంటుంటే, అదే మాట ఆయన సంతకంతో నేను దేశం దాటించాలి.

కిటికీలు తెరిచినట్టున్నారు, ఆయన గొంతు ఇక్కడిదాకా వినిపిస్తోంది. ఎవరో ఏదో అడుగుతున్నారు, ఆయన నెమ్మదిగా జవాబు చెప్తున్నారు. రెండు కాగితాలూ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకున్నాను. ఫారం ఒక్క ఫైలే తీసుకుంటుంది. టైము పన్నెండుకి తొమ్మిది నిమిషాలుంది.

నా చోట మీరుంటే ఏ కాగితం పంపేవారు?