భుజం జారిన ఏడాది

సుంటూ కింద పడకూడదనుకుంది. ఆ క్షణంలో ఆమె బుర్రలో ఉన్నది అదొక్కటే. కుస్తీ బరిలో ఎదుట ఉన్న, వాగు అవతలి ఊరి ఒర్తాన్స్ ఆమె నడుం చుట్టూ చేతులు బిగించి, మోకాలు అడ్డం పెట్టి పక్కకు తిప్పింది. సుంటూ పాదాలు ఇసుకను వదిలాయి. వీపు నేలకు తగిలితే ఓడినట్టు. వెనక తన ఊరు బుకెత్ ఆడపిల్లలంతా ఆమె పేరు కట్టి పాడుతున్నారు. ఎడమ చెయ్యి తనంతట తానే వెనక్కి పోయి నేలకు ఆనుకుంది. ఇద్దరి బరువూ ఆ ఒక్క చేతి మీద పడింది.

భుజం గూడలో ఏదో ముందుకు దొర్లినట్టు ఆమెకు తెలిసింది. నొప్పి కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ఆమె పెట్టిన కేకకు డప్పులు ఆగిపోయాయి. ఒర్తాన్స్ పట్టు వదిలేసి దూరం జరిగింది. సుంటూ వీపు మాత్రం నేలకు తగల్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, వేలాడుతున్న చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, అదెవరిదో అన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

పెద్దలు చాలాసేపు వాదులాడుకుని, ఆ పట్టులో ఎవరూ గెలవలేదని తేల్చారు. వాగు దాటుతుంటే పడవలో ఆన్సూ మామ ఆ మాట చెప్పాడు. అమ్మకు తమ్ముడు ఆన్సూ. సుంటూకు కుస్తీ నేర్పింది ఆయనే.

"ఓడలేదే అమ్మాయ్. వింటున్నావా? ఓడలేదు."

సుంటూ పళ్ళు బిగించుకుని వింది. ఎముకలు కట్టే ముసలాయన ఇంటికి వెళ్ళేదాకా ఆమెకు ఆ మాటే దన్ను. ముసలాయన తాటినూనె రాసి, మోచెయ్యి పట్టుకుని మెల్లగా లాగుతూ ఉంటే మామ ఆమెను వెనక నుంచి పట్టుకున్నాడు. గూడ లోపలికి జారినప్పుడు ఇద్దరికీ చప్పుడు వినబడింది. మర్నాడు జిగించోర్ పట్నంలోని పెద్దాసుపత్రిలో ఫోటో తీసి, ఎముక విరగలేదు, నరాలూ కండా సాగిపోయాయి, చెయ్యి కదపకూడదు అన్నారు. మెడకు గుడ్డ కట్టి చెయ్యి అందులో పెట్టారు.

అంతలో వానలు పట్టుకున్నాయి.

బుకెత్‌లో వానలు మొదలైతే ఇంట్లో ఎవరూ ఉండరు. మగవాళ్ళు పొడుగు పారలతో మడులు తిరగేస్తుంటే, వాళ్ళ వెనక ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తారు. ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, పాలు తాగే పిల్లలు, కోళ్ళు. ఈసారి వాళ్ళతో పాటు సుంటూ. అరుగు మీద కూర్చుని కుడిచేత్తో చేపలు శుభ్రం చేసేది, పొయ్యి ఎగదోసేది. పడుకుందామంటే ఏ పక్కకు తిరిగినా భుజం లేపేసేది. నిద్ర లేక కళ్ళు మంటలు. నీళ్ళకు పోతున్న ప్రతి మనిషీ ఆగి అడిగేది ఒకటే: "భుజం ఎలా ఉందే?" మొదట్లో జవాబు చెప్పేది. తర్వాత తల ఊపేది. ఆ తర్వాత ఎవరైనా వస్తుంటే లోపలికి పోయేది. పెరటి వెనక ముసలమ్మొకతె ఆమెకు ఒంటిరెక్క కోడి అని పేరు పెట్టింది. ఆ పేరుకు మొదట నవ్వింది సుంటూవాళ్ళ అమ్మ ఆవాయే.

ఒకరోజు పొద్దున్నే వాగు దాటి ఒర్తాన్స్ వచ్చింది. నెత్తిన నారుకట్ట, ఒంటి మీద పాత బట్టలు.

"ఎందుకొచ్చావ్?" అంది సుంటూ అరుగు దిగకుండానే.

"మీ మడులు సగం ఖాళీగా ఉన్నాయట. మావి అయిపోయాయి. మా అమ్మ పొమ్మంది."

"జాలి పడుతున్నావా?"

"జాలితో ఎవరైనా నడుం వంచుతారా పిల్లా? జొరం వచ్చిన మొహం పెట్టుకుని కూర్చోకు. తాగడానికి నీళ్ళియ్యి."

ఆవా ఒర్తాన్స్‌ను వెంటబెట్టుకుని పొలానికి పోయింది. నాట్లు ముగిసేదాకా ఒర్తాన్స్ వస్తూనే ఉంది. సుంటూ మధ్యాహ్నం అన్నం, నిమ్మరసం పిండిన చేపల పులుసు గట్టు మీదికి పట్టుకెళ్ళేది. ముగ్గురూ ఒకే గిన్నె చుట్టూ కూర్చుని తినేవారు. తన మడిలో తన చోట ఇంకొకరి వీపు వంగి ఉండడం చూస్తే సుంటూకు అన్నం దిగేది కాదు.

ఆ గట్టు మీదే ఒకసారి ఒర్తాన్స్ నోరు జారింది.

"నేను నీ చెయ్యి విరవలేదు సుంటూ. నువ్వే నేలకు పెట్టావ్."

"పెట్టకపోతే పడేదాన్ని."

"పడితే ఏమయ్యేది? లేచి ఇసుక దులుపుకునేదానివి. ఇప్పుడు చూడు, ముసలమ్మలతో కూర్చుని పొలుసులు గీకుతున్నావ్."

సుంటూ గిన్నెలోంచి చెయ్యి తీసేసింది. "ఈ చెయ్యి నయం కానీ. అప్పుడు చెబుతా నీ సంగతి."

"రా. నేనెక్కడికి పోతాను?" అని ఒర్తాన్స్ ఆమె వాటా చేప కూడా తీసుకుంది.

ఆవా ఇద్దర్నీ కసిరింది. కానీ ఆ రోజు నుంచి సుంటూకు పొద్దున్న లేవడానికి ఒక కారణం దొరికింది.

మెడకున్న గుడ్డ తీసేశాక జిగించోర్ ఆసుపత్రిలో మలాంగ్ అనే ఆయన చేతికి అప్పగించారు. దెబ్బతిన్న చేతులూ కాళ్ళూ మళ్ళీ కదిలించడం ఆయన పని. వయసు మళ్ళిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. గుడ్డలోంచి బయటికొచ్చిన చెయ్యిని చూసుకుని సుంటూకు ఏడుపొచ్చింది. కండ కరిగిపోయి పన్నెండేళ్ళ పిల్ల చెయ్యిలా ఉంది.

"డాక్టరు గారూ, ఎన్నాళ్ళు పడుతుంది?"

"నేను డాక్టర్ని కానమ్మా. మనుషుల చేత గోడలు పాకించేవాణ్ణి. ఎన్నాళ్ళని అడక్కు, నాకు కోపమొస్తుంది."

నిజంగానే గోడ పాకించాడు. ముందుకు వంగి చెయ్యిని వదులుగా వేలాడేసి గుండ్రంగా తిప్పాలి. గోడ మీద వేళ్ళతో పైకి నడవాలి, నొప్పి పుట్టిన చోట ఆగాలి, దిగాలి. సైకిల్ ట్యూబు తలుపు గడియకు కట్టి, మోచెయ్యి ఒంటికి అంటించి బయటికి లాగాలి. అంతే. గెలుపు లేదు, పాట లేదు. ఇవాళ వేళ్ళు ఎక్కిన ఎత్తుకు మర్నాడు ఎక్కేవి కావు. మూడోనాడు ఎక్కేవి. ఇంటి మట్టిగోడ మీద ఆమె వేళ్ళు రాసిన చోట గాడి పడింది. మనిషిని పడగొట్టడం కంటే ఈ గోడ ఎక్కడం ఎక్కువ అలసటగా ఉందని ఆమె అమ్మతో అంది. అమ్మ చాటతో వడ్లు చెరుగుతూ "ఊఁ" అని ఊరుకుంది.

కోతలు వచ్చేసరికి చెయ్యి చెవి దాకా లేచింది. కండ కొంచెం పట్టింది. ఆన్సూ మామ రోజూ వచ్చి భుజం నొక్కి చూసేవాడు. కుర్రవయసులో ఊరిని ఊపేసిన మల్లుడాయన. ఆగడమంటే ఆయనకు తెలియదు.

"గట్టిపడిందే. ఒక్క పట్టు చూద్దామా? మెల్లగా. నా మెడ పట్టుకో, అంతే."

వద్దని సుంటూ అనొచ్చు. అనలేదు. ఆమెకూ ఆగబుద్ధి కాలేదు. ఇంటి వెనక ధాన్యం తొక్కే చదునులో ఇద్దరూ ఎదురెదురుగా వంగారు. ఎడమచెయ్యి పైకెత్తి మామ మెడ వెనక్కి వేసింది. ఆయన అలవాటు కొద్దీ తల విదిల్చాడు. ఇదివరకటి చప్పుడే మళ్ళీ వినబడింది.

ఈసారి ఆమె అరవలేదు. కింద కూర్చుని "మామా, జారింది" అంది, పొయ్యి ఆరిపోయిందని చెప్పినట్టు. ఆన్సూ మొహం బూడిద రంగు తిరిగింది. ముసలాయన ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆయన తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. "ఊరుకో మామా, నడు" అని ఆమే ఆయనకు సర్దిచెప్పాల్సి వచ్చింది.

మళ్ళీ మెడకు గుడ్డ. మళ్ళీ అరుగు. మలాంగ్ దగ్గరికి పోయినప్పుడు ఆయన తిడతాడనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మొదటికొచ్చాం" అన్నాడు. "నీకు విసుగ్గా ఉందా?"

"ఉంది."

"నాకూ ఉంది. కూర్చో."

ఎండలు ముదిరాక, మామిడికాయలు పిందెలుగా ఉన్నప్పుడు ఒర్తాన్స్ మళ్ళీ వచ్చింది. ఈసారి కొత్త బట్టలు కట్టుకుని, జడలు కొత్తగా అల్లించుకుని వచ్చింది. సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టే వాళ్ళబ్బాయితో పెళ్ళి కుదిరిందని, తప్పకుండా రావాలని ఆవాతో చెప్పింది. ఆవా సంతోషపడి లోపలికి పోయి వేరుశనగలు తెచ్చింది.

సుంటూ గోడ దగ్గర నిలబడి ఉంది. పెళ్ళయిన ఆడది బరిలోకి దిగదు. అది ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన మాట కాదు.

"నేనెక్కడికి పోతానన్నావ్" అంది.

"మరి నీ భుజం బాగయ్యేదాకా ఆగమని మా అత్తవారికి కబురు పంపనా?" ఒర్తాన్స్ నవ్వబోయి, సుంటూ మొహం చూసి ఆపేసింది. "ఏమే... నువ్వు నిజంగానే దానికోసమే ఇన్నాళ్ళూ?"

సుంటూ గోడ వైపు చూసింది. ఒర్తాన్స్ దగ్గరికొచ్చి గోడ మీది గాడిలో వేలు పెట్టి చూసింది.

"నాకు తెలియదు సుంటూ" అంది మెల్లగా.

పెళ్ళికి సుంటూ వెళ్ళింది, ఆడింది, కల్లు తాగింది. తిరిగొచ్చాక గోడ జోలికి పోలేదు. సైకిల్ ట్యూబు గడియకు వేలాడుతుంటే దాని పక్కనుంచే వచ్చేది, పోయేది. ఆన్సూ మామ అడగడానికి భయపడ్డాడు. చాలా రోజులు చూశాక ఆవా అంది: "కుస్తీ వద్దనుకుంటే మానెయ్యి తల్లీ. నాకేం పట్టింపు లేదు. కానీ రేపు వానలొస్తాయి. వంగి నాటడానికీ బిడ్డను ఎత్తుకోవడానికీ ఆ చెయ్యి కావాలి కదా. దేనికోసమూ వద్దు. ఊరికే చెయ్యి."

సుంటూ ఊరికే చేసింది. పళ్ళు తోముకున్నట్టు, వాకిలి ఊడ్చినట్టు. ఎత్తు ఎంతొచ్చిందో చూసుకోవడం మానేసింది. ఒకరోజు మలాంగ్ ఆమె చెయ్యిని తలపైకి, వెనక్కి తీసుకుపోయి, "భయమేస్తోందా?" అన్నాడు. వేయలేదు. ఆమెకే ఆశ్చర్యమైంది.

"అయితే ఇప్పుడు పడటం నేర్చుకో" అని గదిలో రెండు పరుపులు పరిచాడు. చొక్కా మెడ పక్కకు లాగి, వంకరగా అతుక్కున్న తన మెడ ఎముకను చూపించాడు. "కుర్రతనంలో జూడో. నేనూ నీలాగే చెయ్యి పెట్టిన రకం. గడ్డం ఎదకు ఆనించు. చేతులు గుండె మీద మడుచుకో. పడు."

ఆమె పడలేకపోయింది. తోసిన ప్రతిసారీ ఎడమచెయ్యి వెనక్కి దూకేది. మలాంగ్ మధ్యలో పట్టుకునేవాడు, మళ్ళీ తోసేవాడు. ఇంటికొచ్చి వరిగడ్డి మీద ఆన్సూ మామ చేత తోయించుకుంది. మేనకోడల్ని పడటానికి తోయడం ఆయన ప్రాణానికి గిట్టలేదు. మొహం తిప్పుకుని తోసేవాడు. పడిపడి ఆమె వీపంతా గడ్డి గీతలు. చెయ్యి ఎప్పుడు మాట వినడం మొదలుపెట్టిందో ఇద్దరికీ గుర్తు లేదు.

వానలకు ముందు పోటీలు కారున్‌లో పెట్టారు. ఒర్తాన్స్ పుట్టిన ఊరు అది. మామిడిపళ్ళు రాలి కుళ్ళిన వాసన, డప్పులు, కాళ్ళకు కట్టిన గజ్జెలు. సుంటూ బరిలోకి దిగేసరికి ఎదుట ఒక కొత్త పిల్ల, ఒళ్ళంతా నూనె, కళ్ళలో బెదురు లేదు. పట్టు పడ్డారు. ఆ పిల్ల కింద నుంచి దూరి ఒక్క విసురుతో ఎత్తింది. ఇసుక వదిలిన పాదాలు, ఆకాశం, వెనక ఊరి పాట. ఎడమచెయ్యి ఎద మీద మడిచే ఉంది. వీపు నేలకు తగిలింది, ఊపిరి పోయి మళ్ళీ వచ్చింది.

కారున్ వాళ్ళు తమ పిల్లను భుజాల మీదికెత్తుకున్నారు. బుకెత్ వైపు పాట ఆగింది. సుంటూ పడుకునే భుజం కదిపి చూసింది. గూడ ఉన్నచోటే ఉంది.

"ఏమే! బస్తా దించినట్టు ఆ పడటమేంటే?" అని జనంలోంచి ఒక గొంతు. ఒర్తాన్స్. చేతిలో సగం తిన్న మామిడిపండు, పొట్ట అప్పుడప్పుడే తెలుస్తోంది.

సుంటూ లేచి ఇసుక దులుపుకుంది. ఆన్సూ మామ దగ్గరికొచ్చాడు. "చెయ్యి పెట్టుంటే నిలబడేదానివి..."

"నిలబడేదాన్ని మామా. మళ్ళీ గోడ ఎవరు పాకుతారు? నాకింక ఓపిక లేదు."

ఆయన తల దించుకున్నాడు. తన తుండుతో ఆమె వీపు మీది ఇసుక తుడిచాడు. "మళ్ళీ పిలిస్తే పోతావా?"

"పోతా."

సాయంత్రం ఎండ వాలాక పిలిచారు. ఇంకో ఊరి పిల్ల, సుంటూ వయసుదే, సుంటూ లాగే బరువైనది. ఇద్దరూ ఒకరి నుదురు ఒకరికి ఆనించి, చేతులు పెనవేసుకుని తోసుకున్నారు, లాక్కున్నారు, మోకాళ్ళ దాకా వంగి మళ్ళీ లేచారు. రెండు ఊళ్ళ పాటలూ పాడిపాడి బొంగురుపోయాయి. ఎవరూ పడలేదు. చివరికి పెద్దాయనొకడు వచ్చి మధ్యలో కర్ర పెట్టి విడదీశాడు. విడదీయగానే ఇద్దరికీ కాళ్ళు నిలవలేదు. ఉన్నచోటే ఇసుకలో కూలబడ్డారు.

"నీ పేరేంటి?" అంది ఆ పిల్ల రొప్పుతూ.

"సుంటూ. నీది?"

చెప్పడానికి ఆ పిల్లకు ఊపిరి చాల్లేదు. ఆగమన్నట్టు చెయ్యి ఊపింది. సుంటూ కూడా తొందరపడలేదు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు, ఎవరైనా వచ్చి లేపేదాకా.