సూది జ్వరం

దసరా తోరణాలు ఇంకా పూర్తిగా ఎండకముందే నరసింహయ్య ఇంటి బియ్యపు గదిలో ఎలుక పడింది. పిల్లి కొట్టిన ఎలుక కాదు. గాదె పక్కన దానంతట అదే తాగినట్టు గిరగిరా తిరిగి, నోరు తెరిచి చచ్చిన ఎలుక. చింతామణిలో ఆ ప్లేగు రోజుల్లో దానికి అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. ఎలుక తర్వాత మనిషి వంతు.

దాన్ని ముందు చూసింది వనజాక్షి. నరసింహయ్యకు చెల్లెలు. బాగేపల్లిలో పెళ్ళయి, కాపురం అంటే ఏమిటో తెలియకముందే మొగుడు పోయి, అన్న ఇంటికి తిరిగొచ్చిన మనిషి. ఇప్పుడు ముప్పై దాటాయి. ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి రాజేసేది ఆమె, రాత్రి ఆఖరి గిన్నె కడిగి బోర్లించేది ఆమె. చచ్చిన ఎలుకను చేటలోకి తోసి, పెరట్లో కిరసనాయిలు పోసి కాల్చిందీ ఆమే.

మధ్యాహ్నానికల్లా బండి కట్టారు. కెంచార్లహళ్ళి దారిలో వాళ్ళకొక చేను ఉంది. చుట్టుపక్కల చేలల్లో అప్పటికే ఊళ్ళో సగం జనం తడికెలు కట్టుకుని కాపురాలు పెట్టారు. నరసింహయ్యా తన చేలో గుడిసె వేయించాడు. బియ్యం, రాగిపిండి, పప్పులు, పరుపులు, పిల్లల ఉయ్యాల గుడ్డ బండెక్కాయి. అన్నీ ఎక్కాక నరసింహయ్య భార్య సులోచనమ్మకు దేవుని దీపం గుర్తొచ్చింది. వాళ్ళ మామగారి కాలం నుంచి ఆ ఇంట్లో దీపం లేని పొద్దు లేదు. దీపం ఆరితే దుకాణం మూతపడుతుందని వాళ్ళ నమ్మకం.

"వనజ దినామూ పొద్దున పోయి పెట్టి వస్తాదిలే," అంది సులోచనమ్మ.

"నేనా వొదినా?" అంది వనజాక్షి. శ్రావణ శుక్రవారం నాడు దేవుని గది గడప దగ్గర నిలబడితేనే పక్కకు జరగమనేవాళ్ళు.

"ఆపద్ధర్మమే. ఇప్పుడు అయ్యన్నీ చూస్తే అవుతాదా? నాకు చూస్తే పిల్లోళ్ళు ఉండారు. మీ అన్నకు దుకాణం ఉండాది. నీకేముండాది చెప్పు, ముందా ఎనకా?"

కోపంగా అనలేదు. బజారులో బెల్లం ధర చెప్పినట్టు చెప్పింది. నరసింహయ్య ఎద్దుల పలుపు సరిచూసుకుంటున్నాడు. విననట్టే ముడి ఇంకోసారి బిగించాడు.

మరుసటి రోజు నుంచి వనజాక్షి దినచర్య అదే అయింది. గుడిసెలో అందరికీ సంగటి కెలికి, పిల్లలకు నీళ్ళు పోసి, ఎండ ఎక్కే వేళకు ఊళ్ళోకి బయలుదేరేది. దారిలో ఎదురయ్యేవాళ్ళు ఆమెను చూసి తలుపు చాటుకు పోయే రోజులు కావు అవి. చాటుకు పోవడానికి వీధిలో మనుషులే లేరు. పేటలో కోమట్ల దుకాణాలన్నీ తాళాలు. కుక్కలు అరుగుల మీద నిద్రపోతున్నాయి. ఎక్కడో ఒక ఇంట్లో కప్పు పెంకులు తీసి ఎండ పడేట్టు చేశారు. ఆ ఇంట్లో ఎవరో పోయారని గుర్తు.

మొదట్లో దీపం పెట్టి, తులసికి నీళ్ళు పోసి, తాళం వేసుకుని పరుగున వచ్చేసేది. తర్వాత కాస్త ఊడ్చింది. ఆ తర్వాత కాస్త కూర్చుంది. ఒకరోజు నడిమింట్లో ఉన్న ఉయ్యాల బల్ల మీద కూర్చుంది. అది అన్న కూర్చునే చోటు. పుట్టి పెరిగిన ఇల్లే అయినా ఆ బల్ల మీద ఎప్పుడూ కూర్చోలేదని అప్పుడే తోచింది ఆమెకు. కాలితో నేలను తన్నితే గొలుసులు కిర్రుమన్నాయి. భయమేసి ఆపింది. ఎవరూ రాలేదు. మళ్ళీ తన్నింది.

అక్కణ్ణుంచి ఆమెకు ధైర్యం వచ్చింది. అటక మీద మిగిలిన కాఫీ పొడితో తనకోసం కాఫీ కాచుకుంది. అందరూ తాగాక మిగిలిన మడ్డి కాదు, తొలి డికాక్షన్. ఇంకోరోజు ఉల్లిగడ్డ నిప్పుల్లో కాల్చి, ఉప్పు, మిరపకాయ పెట్టి నూరి, వేడి అన్నంలో కలుపుకుని తిన్నది. విధవలు ఉల్లి ముట్టకూడదు. ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటుకో మరి దేనికో ఆమె ఆలోచించలేదు, ఇంకో ముద్ద కలిపింది. ఊరంతా చావుకు భయపడి పారిపోయిన ఆ కార్తీకంలో వనజాక్షి మొట్టమొదటిసారి ఒక ఇంటికి యజమానురాలయింది. సిగ్గుపడాల్సిన సుఖమని తెలుసు. అయినా పొద్దున్నే ఊరి వైపు కాళ్ళు వాటంతట అవే పడేవి.

అలాంటి ఒక ఉదయం తిమ్మరాయప్ప వచ్చాడు. మునిసిపాలిటీ జవాను. ఇంటింటికీ తిరిగి ఎలుక బొక్కల్లో విషప్పొగ పెట్టి మట్టితో మూయడం అతని పని. నడివయసు దాటిన మనిషి, ఖాకీ చొక్కా, ముక్కుకు గుడ్డ. గడప అవతలే నిలబడి పిలిచాడు.

"అమ్మా, ఎవరుండారు లోపల? పొగ పెట్టల్ల. కాసేపు బయటికి రండమ్మా."

ఆమె బయటికి వచ్చింది. అతను ముక్కున వేలేసుకున్నాడు.

"అయ్యో, ఒక్కరే ఉండారా? ఊరు ఊరంతా బయట పడుంటే మీరు ఈడేం చేస్తాండారమ్మా?"

"దేవుని దీపం పెట్టనీకి వస్తాండానప్పా. దినామూ."

"దినామూనా? సూది యేయించుకునింటారులే గదా?"

"ఏం సూది?"

తిమ్మరాయప్ప ముక్కు మీది గుడ్డ కిందికి లాగాడు. పొగ గొట్టం కింద పెట్టాడు. "పిలేగు సూదమ్మా. మొన్న గుడిసెల కాడికి డాక్టరు వచ్చి అందరికీ యేసినాడు గదా. మీ నరసింహయ్య శెట్టి దగ్గరుండి చేయించినారే. ఆయప్ప, ఇంటామె, పిల్లోళ్ళు, ఎద్దులు తోలే ఈరప్ప, అందరూ యేయించుకునిరి. నేనే పెట్టె మోసినాను."

మొన్న. వనజాక్షి గుర్తు చేసుకుంది. మొన్న సాయంత్రం తను గుడిసెకు వెళ్ళేసరికి పిల్లలు మూలుగుతూ పడుకుని ఉన్నారు. చిన్నది నాగరత్న చెయ్యి ముట్టనివ్వలేదు. ఏమైందంటే, "ఊరికే జరం, నువ్వు సంగటి చెయ్యి," అంది వదిన. రాత్రంతా పిల్లల తలలకు తడిగుడ్డ వేసింది తనే.

బండి తోలే ఈరప్పకు కూడా వేయించారు.

"నన్నెవరూ పిలవలేదప్పా," అంది చివరికి.

"మరిచిపోయుంటారు లేమ్మా," అన్నాడు తిమ్మరాయప్ప, తను చేసిన తప్పు లాగా. "రేపు ఆస్పత్రి కాడికి రాండి. నేను చెప్పి పెడతా. ఎలకలుండే ఇంట్లో తిరిగే మనిషి మీరు. మీకు కాక ఎవరికి కావల్ల ఆ సూది?"

వెళ్ళింది. ముసుగు బాగా కప్పుకుని ఆడవాళ్ళ వరసలో నిలబడింది. ఆమెను తొందరగా పంపమని తిమ్మరాయప్ప లోపలికి పోయి బతిమాలాడు. డాక్టరు కన్నడంలో పేరు అడిగి, మొగుడి పేరు అడిగి, జవాబుకు ఆగకుండా చేతికి సూది గుచ్చాడు. మధ్యాహ్నానికి భుజం ఇనుపగుండులా బరువెక్కింది. పొద్దు వాలేసరికి ఒళ్ళు కాలిపోతోంది. తూలుకుంటూ చేను చేరింది.

గుడిసె ముందు చాప మీద కూలబడగానే సులోచనమ్మ చూసింది. కళ్ళు ఎర్రగా, పెదాలు ఎండి, వణుకుతోంది మనిషి. నాగరత్న "అత్తా" అంటూ ఒళ్ళోకి రాబోయింది. సులోచనమ్మ ఒక్క ఉదుటున పిల్లను రెక్క పట్టి లాగింది.

"ఏమండీ, ఇట్ల రాండి! తెచ్చింది! ఆ ఇంట్లో నుంచి తెచ్చింది మీ చెల్లెలు!"

"కాదు వొదినా, సూది జరం. పొద్దున ఆస్పత్రిలో యేసినారు. చూడు కావాలంటే." రవిక చెయ్యి పైకి లాగి చూపించింది. భుజం మీద ఎర్రగా వాచిన చోటు స్పష్టంగా కనిపిస్తోంది. సులోచనమ్మ కూడా చూసింది. తన భుజం మీదా అలాంటిదే ఇంకా తగ్గలేదు.

"సూది ఎవరు యేసినారు నీకు? ఎవర్నడిగి పోతివి? పిలేగు గడ్డ యాడ లేచిందో ఎవరికి తెలుసు! పిల్లోళ్ళ కాడ ఉండొద్దు, అంతే."

నరసింహయ్య దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు.

"అన్నా," అంది వనజాక్షి. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అందరికీ యేయించినావంట. నన్ను పిలవలేదే?"

"నువ్వు ఊర్లో ఉంటివి గదమ్మా అప్పుడు..."

"రోగముండేదీ ఊర్లోనే గదన్నా."

నరసింహయ్య తల వంచుకున్నాడు. ఎద్దు మూపు మీద చెయ్యి వేసి నిమిరాడు. మళ్ళీ తలెత్తినప్పుడు ముఖంలో సిగ్గు లేదు, విసుగు ఉంది. "రెండు దినాలు ఇంటికాడ ఉండు వనజా. జరం తగ్గినాక నేనే వచ్చి పిలుచుకొని వస్తా. అంతా పిల్లోళ్ళ కోసరమే. అర్థం చేసుకో."

చీకటి పడకముందే ఆమె వచ్చిన దారినే వెనక్కి నడిచింది. దారిలో రెండుచోట్ల కూర్చుంది. ఒకచోట వాంతి చేసుకుంది.

జ్వరం మర్నాటికే తగ్గింది. అన్న పిలవడానికి రాలేదు. వారానికోసారి ఈరప్ప బండి మీద వచ్చి, బియ్యం, రాగులు, పెరుగు వీధి అరుగు మీద పెట్టి, వీధి మధ్యలో నిలబడి కేకేసి పోయేవాడు. "నేను బాగుండానని చెప్పప్పా," అనేది వనజాక్షి లోపల నుంచి. "చెప్పినానమ్మా," అనేవాడు ఈరప్ప. అప్పటికే బండి తిప్పుతూ ఉండేవాడు.

ఇప్పుడు ఉయ్యాల బల్ల మీద కూర్చున్నా ఏమీ అనిపించలేదు. ఇల్లు మొన్నటిదే, కాఫీ మొన్నటిదే. కానీ దొంగచాటుగా తాగిన కాఫీకి ఉన్న రుచి, గతిలేక తాగే కాఫీకి లేదు.

ఆ రోజుల్లో ఆమెతో మాట్లాడిన మనిషి తిమ్మరాయప్ప ఒక్కడే. పని మీద ఆ వీధిన పోతూ ఆగి, "చెయ్యి ఎట్లుండాదమ్మా?" అని అడిగేవాడు. ఎవరెవరు పోయారో చెప్పేవాడు. ఒకసారి తన చేని చిక్కుడుకాయలు ఒక గుప్పెడు అరుగు మీద పోసి వెళ్ళాడు. ఆమె అతనికి మజ్జిగ ఇచ్చేది. చెంబు ఎత్తి పోస్తే అతను దోసిలి పట్టి తాగేవాడు. అలాగే పోయాలని ఆమెకూ తెలుసు, అలాగే తాగాలని అతనికీ తెలుసు.

తర్వాత అతను రావడం మానేశాడు. పొగ గొట్టం పట్టుకుని ఇంకెవరో కుర్ర జవాను వచ్చాడు.

"తిమ్మరాయప్ప యాడ?"

"పోయినాడమ్మా. చంకలో గడ్డ లేచె. మూన్నాళ్ళకే."

"సూది యేసుకోలేదా ఆయప్ప?"

"యేసుకోక? అందరికంటే ముందు యేసుకునె. సూదుంటే రాదని యాడ రాసుండాది?"

వనజాక్షి తలుపు వేసుకుంది. ఏడవడానికి ఆమెకు అధికారం లేదు. ఏ చుట్టరికం చెప్పుకుని ఏడవాలి? వంటింట్లో నిప్పులు ఊదుతూ ఊదుతూ, పొగకని చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేని ఆ ఇంట్లో చాలాసేపు ఏడ్చింది.

మార్గశిరం వచ్చాక ఎలుకలు పడటం ఆగింది. గుడిసెలు విప్పారు. నరసింహయ్య సంసారం బండి దిగింది. సులోచనమ్మ ఇల్లంతా చూసి, "బాగానే పెట్టుకున్నావే," అని, పసుపు నీళ్ళు కలిపి గదిగదికీ చల్లింది. వనజాక్షి తాగే చెంబు వేరే పెట్టింది. "ఇంకా కొన్ని దినాలు, అంతే," అంది. నాగరత్న స్తంభం చాటు నుంచి తొంగి చూసింది. వనజాక్షి చేతులు చాచింది.

"నీ కాడికొస్తే గడ్డ లేస్తాదంట అత్తా. అమ్మ చెప్పింది," అంది పిల్ల, ఎంతో బుద్ధిగా.

వనజాక్షి చేతులు దించుకుని బియ్యం ఏరడానికి కూర్చుంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున వీధిలో ఒక ఆడమనిషి నిలబడింది. తెల్లటి పాత చీర, బోసి మెడ. తిమ్మరాయప్ప పెళ్ళాం మునిలక్ష్మమ్మ. పొలం పనో, దంపుడు పనో ఏదైనా ఉంటే చెప్పమని ఇల్లిల్లూ తిరుగుతోంది. సులోచనమ్మ గడపలోంచే గదమాయించింది.

"పిలేగు పడిన ఇంటోళ్ళు వీధిలోకి రాకూడదని తెలీదా? పో, పో! మాకు పిల్లోళ్ళుండారు."

మునిలక్ష్మమ్మ వెనక్కి తిరిగింది. అప్పటికే వనజాక్షి వంటింట్లోంచి లేచింది. తన మధ్యాహ్నపు వంతు సంగటి ముద్ద ఆకులో పెట్టుకుని, మీద ఊరిబిండి పచ్చడి వేసుకుని, నడిమింట్లోంచి, ఉయ్యాల బల్ల మీద కూర్చున్న అన్న ముందునుంచి, వీధి వాకిలి దాటి బయటికి నడిచింది. పొద్దున పూట విధవ ఎదురు రాకూడని వాకిలి అది.

"మునిలక్ష్మమ్మా, ఆగమ్మా."

ఆమె ఆగింది. వనజాక్షి ఆకు ఆమె చేతుల్లోనే పెట్టింది, ఎత్తి వేయలేదు. ఇద్దరి వేళ్ళూ తగిలాయి. మునిలక్ష్మమ్మ బెదిరి చేయి వెనక్కి తీసుకోబోయింది.

"మీరేనా అమ్మా, దీపం పెట్టే అమ్మ?" అంది మెల్లగా. "ఆయప్ప చెప్తాండె. ఎలకల నడుమ ఒక్కర్నే ఇడిసిపెట్టినారు, సూదన్నా యేయించినాను, అని."

"అవునమ్మా. ఆయప్పే యేయించినాడు."

వీధిలో వాళ్ళంతా చూశారు. లోపల నరసింహయ్య ఉయ్యాల ఆపి, మళ్ళీ ఊగసాగాడు. సులోచనమ్మ మాత్రం ఆ మధ్యాహ్నం వనజాక్షి పళ్ళేన్ని తీసుకుపోయి పెరటి అరుగు మీద, పశువుల కుడితి తొట్టి పక్కన బోర్లించింది.

"చెంబొక్కటే చాల్దని అర్థమయింది," అంది.

ఆ పూట నుంచి వనజాక్షి అక్కడే తిన్నది. వంట ఆమె చేతిదే. అది మానిపించాలని ఎవరికీ తోచలేదు. చలికాలం పోయింది, పిల్లలు మళ్ళీ బడికి పోసాగారు, దుకాణం పెరిగింది. పళ్ళెం లోపలికి తెచ్చుకోమని ఎవరూ అనలేదు. ఆమె అడగనూ లేదు.