ఒక్కడినే నెట్టుకొచ్చాను

ఆమె పడకగదిలో దుప్పటి పరుస్తోంది. హాల్లో కూతురు ఫోను రికార్డింగులో పెట్టి తండ్రిని ప్రశ్నలడుగుతోంది. బళ్లో ప్రాజెక్టట: మీ ఇంట్లోవాళ్లు ఈ దేశానికి ఎలా వచ్చారు, వచ్చి ఏం చేశారు? అడగాలేగానీ, ఆయనగారికి చెప్పడానికేం కొదవ.

"నా డిగ్రీ ఇక్కడ చెల్లదన్నారమ్మా. మూడేళ్లు కూర్చుని మళ్లీ పరీక్షలు రాశాను. ఒక్కడినే నెట్టుకొచ్చాను."

ఆ 'ఒక్కడినే' దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

ఆ మూడేళ్లూ ఆమె హోటల్లో గదులు శుభ్రం చేసింది. బరువైన పరుపులెత్తి దుప్పట్లు బిగించింది, ఎవరెవరివో బాత్రూములు కడిగింది. ఇంటికొచ్చి వంట చేసి, ఆయన చదువు పాడవకుండా గిన్నెల చప్పుడైనా కానివ్వలేదు. "ఆ పని సంగతి మనవాళ్లెవరితోనూ అనకు, పరువు పోతుంది" అన్నాడాయన. అత్తగారు ఫోన్లో ఇంకో మెట్టు పైకెక్కింది: "మా కోడలు హోటల్లో మేనేజరని చెప్పానే అందరికీ." మేనేజరుగారు "సరే అత్తయ్యా" అని, వాచిన వేళ్లు వేన్నీళ్లలో పెట్టుకుంది. అప్పుడు నవ్వు కూడా వచ్చింది.

నవ్వు రానిది ఒకటుంది. కడుపుతో ఉన్నానంటే పనిలోంచి తీసేస్తారని దాచింది. నాలుగో నెలలో, పరుపెత్తుతుంటే నడుంలో కలుక్కుమంది. ఎవరో దిగిన గదిలో, బాత్రూం నేల మీద అంతా అయిపోయింది. లేచి, ఆ నేల తనే కడిగి, తలుపేసి బయటికొచ్చింది. ఇంటికొచ్చి చెబితే ఆయన "ఎల్లుండే పరీక్ష. ఇప్పుడు ఏడుపులు పెట్టకు" అన్నాడు. ఆమె పెట్టలేదు. ఇన్నేళ్లయినా పెట్టలేదు.

"మరి అమ్మ గురించి ఏం చెప్పను నాన్నా?"

"అమ్మకేం, నేను కాలు కింద పెట్టనివ్వలేదు. ఇంటిపట్టున ఉండి మనల్ని చూసుకుంది, అంతే."

"మరీ ఒక్క ముక్కేనా, పాపం" అంది కూతురు. "పోన్లే, వంట బాగా చేస్తుందని కూడా పెడతాలే."

ఆ 'పాపం' ఆమెకి గుచ్చుకుంది. మొగుడు మరిచిపోతే పోయాడు. రేపు ఈ పిల్ల క్లాసంతటి ముందూ నిలబడి ఆ మాటే చెబుతుంది, అదే నమ్ముతుంది. కన్నకూతురు కూడా తనెవరో ఎరక్కుండానే పెద్దదైపోతుందే అని దుఃఖం ముంచుకొచ్చింది. దుప్పటి అలాగే వదిలేసి హాల్లోకి వచ్చి, కూతురి ఎదురుగా కూర్చుంది.

"టీ పెట్టావా?" అన్నాడాయన.

"లేదు."

ఆయన ఆమె మొహం చూశాడు. "ఇంక ఆపెయ్యమ్మా, అయిపోయిందిగా" అన్నాడు కూతురితో.

"ఆపకు" అందామె. "మీ నాన్న చదువుకున్న మూడేళ్లూ ఈ ఇంటికి అన్నం పెట్టిన జీతం నాది. ముందు అది రాసుకో. తర్వాత, నీ అక్కో అన్నో తెలియకుండానే పోయిన బిడ్డ గురించి చెబుతాను."