బొట్టు పెట్టిన బాంబు

కేసు పెట్టించుకోవాలని దేవుడికి మొక్కుకున్న మనిషి ఆ నేతవాడ మొత్తంలో అనసూర్య ఒక్కతే.

వాడ ఆడవాళ్లకు వకీలు పద్మలత చెప్పిన మాట అలాంటిది. "హిరోషిమా మీద బాంబేసిన రోజు కరీంనగర్ చౌరస్తాల మౌనంగ కూసుందాం. అణ్వాయుధాలు వద్దనే ఒప్పందం మీద మన దేశం గూడ సంతకం పెట్టాలె. కేసు పెడితే ఫికర్ చెయ్యకుండ్రి. మనం ఎందుకు కూసున్నమో కోర్టుల చెప్పుకోవచ్చు."

పద్మలత చూపించిన ఫోటో ఒకటి అనసూర్య కంటికి అంటుకుపోయింది. బాంబు మంటకు ఒకామె కట్టుకున్న బట్టమీది గళ్లు ఆమె వీపుమీద అచ్చుపడ్డాయి. పుట్టినప్పటి నుంచి మగ్గాల చప్పుడులో బతికిన అనసూర్యకు బట్ట అంటే ఒంటిని కాపాడేదే. ఆ సంగతి ఒక్కసారి జడ్జి ముందు చెప్పాలి.

అందుకని వెదురు దబ్బలతో నడుమెత్తు బాంబు బొమ్మ కట్టి, నల్లగుడ్డ చుట్టింది. పక్కింటి దర్జీ నసీమా దానికి తోకరెక్కలు కుట్టింది. మౌనంగా కూర్చునే రోజు పొద్దున్నే నసీమా భర్త రహమాన్ ట్రాలీ ఆటో తెచ్చాడు. బాంబు గడప దాటుతుండగా అనసూర్య కేక వేసింది.

"జర ఆగు తమ్మీ!"

లోపలికి పోయి పసుపూ కుంకుమా నిమ్మకాయల దండా తెచ్చింది. మగ్గమైనా, కుట్టుమిషనైనా, కొత్త బండైనా బొట్టు పెట్టనిదే కదలనివ్వని వాడ అది. పైగా భర్త కైలాసం చనిపోయినప్పటి నుంచి ఏ శుభకార్యంలోనూ ఆమెను బొట్టు పెట్టనివ్వలేదు. బాంబుకు పెడితే అడ్డం వచ్చేదెవరు? తనివితీరా పెట్టింది.

"ఏందక్కా, మనుషులను సంపేదానికి గింత సింగారమా?" అంది నసీమా.

"నలుగురి ముందల పెట్టేదాన్ని బోసిమొకంతోని తీస్కపోతమా?"

"పెండ్లిసూపులకు తీస్కపోతున్నట్టుంది," అన్నాడు రహమాన్.

చౌరస్తాలో ఆడవాళ్లంతా బాంబు చుట్టూ కూర్చుని నోళ్లు మూసుకున్నారు. కాసేపటికి ఒక ముసలాయన చెప్పులు విడిచి వచ్చాడు. "ఏ అమ్మవారమ్మా?" అని అడిగాడు. మౌనదీక్ష కదా, ఎవరూ పలకలేదు. ఎంత నిష్ఠ అనుకుని కొబ్బరికాయ కొట్టాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. నసీమా కంగారుగా 'అణుబాంబులు వద్దు' అన్న అట్ట ఎత్తి పట్టుకుంటే, ఒకామె దానికే పూలదండ వేసి అక్షరాలు కప్పేసింది.

చివరికి ఎస్సై దిగాడు. "పర్మిషన్ లేకుండ రోడ్డు మీద గుడి పెడ్తరా?"

అనసూర్య ఇక ఆగలేకపోయింది. "గుడి కాదు సారూ, బాంబు!"

కానిస్టేబుల్ హనుమండ్లు ఒక్క గెంతు వెనక్కి వేశాడు. మళ్లీ మెల్లగా దగ్గరికొచ్చి చూసి నవ్వాడు. "బాంబుకు బొట్టుంటదా అమ్మా? మాకు తెల్వదా?"

బాంబు ఠాణాకు పోయింది. కేసైతే పడింది గానీ, దారికి అడ్డంగా గుడి పెట్టారన్న కేసు! కొన్ని వారాల తర్వాత విచారణకు వచ్చినప్పుడు పద్మలత కేసు కాయితం చూసి తలపట్టుకుంది. "అణుబాంబు అన్న మాటే లేదక్కా ఇందుల. తప్పొప్పుకుంటే కేసు ఇయ్యాల్నే అయిపోతది."

"నేను గుడి కట్టలే. ఎట్ల ఒప్పుకుంట?" అంది అనసూర్య.

కోర్టులో మేజిస్ట్రేటు కళ్లద్దాలు సర్దుకుని అడిగాడు. "ఏ దేవతమ్మా అది?"

"దేవత కాదు సారూ. అణుబాంబు."

అందరూ నవ్వారు. ఆయనకూ నవ్వాగలేదు. "మరి బొట్టెందుకు పెట్టావు?"

"చేతితోని చేసిన దేనికైనా పెడ్తం సారూ, అలవాటు. దానికి పెట్టొద్దుండె. నాదే తప్పు."

"ఎందుకు పెట్టకూడదు?"

ఆ ప్రశ్న కోసమే కదా ఇన్నాళ్లూ కాచుకున్నది! ఒక అడుగు ముందుకేసి చెప్పింది.

"హిరోషిమాల ఒక తల్లి ఒళ్లు దాసుకుందామని బట్ట కట్టుకున్నది సారూ. బాంబు మంట బట్టను కాలవెట్టి, గళ్లను ఆమె వీపుల నేసింది. మేం గూడ గళ్ల బట్ట నేస్తం. గా ఫోటో చూసిన కాడికెళ్లి నాకు చేతులాడుతలేవు."

మేజిస్ట్రేటు గుమాస్తా వైపు తిరిగి, "ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి," అన్నాడు. దేవతే లేనప్పుడు గుడి ఎక్కడిదని కేసు కొట్టేశాడు. వస్తువు వాపసు ఇవ్వమన్నాడు.

ఠాణాకు పోతే బాంబు ముందు అగరుబత్తి పొగ. హనుమండ్లు చేతిలో ఇంకో అగరుబత్తి పట్టుకుని నసిగాడు. "అమ్మ వచ్చిన కాడికెళ్లి స్టేషన్ల కొట్లాట కేసులు తక్కువైనయ్. జర కొన్ని దినాలు ఉంచరాదు?"

అనసూర్య కొంగు తడిపి బాంబు బొట్లు తుడవసాగింది.

"అయ్యో, బొట్టు తుడుస్తున్నవేందమ్మా!"

"నాది తుడిసిన్నాడు ఎవ్వరు అయ్యో అనలే బిడ్డా. దీనికెందుకు?"

నిమ్మకాయలు తెంపింది. పసుపు కడిగింది. చివరి బొట్టు కూడా పోయాక నల్లగా, మొండిగా బాంబు మిగిలింది. హనుమండ్లు దాన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. చేతిలోని అగరుబత్తిని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.