మెట్ల మీద హోరో

స్తామెన్ సోఫాకు అతుక్కుపోయి అది పంతొమ్మిదో రోజు. గాబ్రొవొ నుంచి సముద్రం దాకా టూరిస్టు బస్సు నడిపిన మనిషి. ఆ వసంతంలో రోగభయానికి దేశమంతా తలుపులు మూసుకున్నాక బస్సు షెడ్డులో పడింది, అతను సోఫాలో పడ్డాడు. తినడం, పడుకోవడం, వార్తలు చూసి పళ్లు నూరుకోవడం, అదే పని. భార్య వెన్కాకు కోపం ఒక ఎత్తయితే భయం మరొక ఎత్తు. డాక్టరమ్మ ఫోనులో ఖరాఖండిగా చెప్పేసింది.

"మీ ఆయన షుగరు ఎక్కడికో పోయింది. కాళ్లు కదలకపోతే వచ్చే నెల నుంచి రోజూ సూదే."

వెన్కా చెయ్యని ప్రయత్నం లేదు. కార్పెట్లు దులపమంది, వినలేదు. టీవీలో వ్యాయామం చేయించే అమ్మాయిని పెడితే, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఆసాంతం చూశాడు.

కానీ అతనికి ఒక బలహీనత ఉంది. అది హోరో ఆట. పెళ్లిలో అందరూ చేతులు పట్టుకుని వరసగా తొక్కుతారు చూడండి, ఆ వరస ముందు రుమాలు తిప్పుతూ నడిపించేవాడు ఆ పేటలో ఇరవయ్యేళ్లుగా స్తామెనే. పెళ్లికూతురు అడుగు తప్పినా ఊరుకోడు. అది వెన్కాకు తన పెళ్లిలోనే తెలిసొచ్చింది.

అందుకే ఆమె మాస్కు కట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కింది. పై అంతస్తులో అకార్డియన్ వాయించే పెన్యో తాత అడగ్గానే ఒప్పుకున్నాడు. కింది అంతస్తులో ఉండే క్రుమ్ దగ్గరే చిక్కొచ్చింది. అతను స్తామెన్ పక్కనే ఇరవయ్యేళ్లు తొక్కినవాడు.

"తప్పు తొక్కాలా? నేనా? వదినా, కిడ్నీ అడుగు ఇస్తాను, ఇది మాత్రం అడక్కు."

"నీ కిడ్నీ నేనేం చేసుకోను? మీ అన్నకు షుగరు. నోరు మూసుకుని తప్పు తొక్కు."

సాయంత్రం ఆరింటికి ఎవరి గుమ్మం ముందు వాళ్లు, చెయ్యి పట్టుకునే వీల్లేదు కనుక మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. పెన్యో తాత పైదుష్కో అందుకున్నాడు. కుంటుతున్నట్టుండే ఆట అది, ఒక అడుగు పొట్టి, ఒక అడుగు పొడుగు. క్రుమ్ రుమాలు తిప్పుతూ, గట్టిగా లెక్కపెడుతూ, పొడుగు పడాల్సిన చోటల్లా పొట్టి వేశాడు. వెన్కా, పదకొండేళ్ల కూతురు ఎలిత్సా తలుపు బార్లా తెరిచి తొక్కారు.

మొదటిరోజు స్తామెన్ టీవీ గొంతు పెంచాడు. రెండోరోజు టీవీ కట్టేశాడు. మూడోరోజు సోఫాలోంచే అరిచాడు.

"వాడు ఆడుతున్నాడా, బంగాళదుంపలు తొక్కుతున్నాడా?"

నాలుగోరోజు చెప్పుల చప్పుడైంది. స్తామెన్ వచ్చి కమ్మీ మీంచి కిందకు వంగాడు.

"ఒరేయ్ క్రుమ్! పొడుగు, పొడుగు! నీ కాళ్లు ఎవరికైనా అద్దెకిచ్చావట్రా?"

"సోఫాలోంచి ఎవడైనా చెప్తాడన్నా! తెలిస్తే నువ్వే తొక్కి చూపించు!" అంటూ క్రుమ్ రుమాలు పైకి విసిరాడు. స్తామెన్ దాన్ని గాల్లోనే పట్టేశాడు.

రుమాలు పట్టుకున్నవాడు పాట ఆగేదాకా ఆట ఆపకూడదు. అది అందరికీ తెలుసు, పెన్యో తాతకు ఇంకా బాగా తెలుసు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. మెట్లు దడదడలాడాయి. కింద ఎవరో మూకుడు మీద గరిటెతో తాళం వేశారు. స్తామెన్ పొట్ట ఎగురుతోంది, చెమట కారుతోంది, అడుగు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

"తాతా, ఇక ఆపవయ్యా!"

"వినపడ్డంలేదు నాయనా!" అని తాత ఇంకో పాట ఎత్తుకున్నాడు.

అదీ అయ్యాక స్తామెన్ మెట్టు మీద కూలబడి, ఎర్రగా కందిపోయిన ముఖంతో పడీపడీ నవ్వాడు. ఎలిత్సా మంచినీళ్లకు పరుగెత్తింది. వెన్కా పక్కన కూర్చుంది.

"రేపూ ఆరింటికేనా?" అన్నాడు.

"ఆరింటికే."

"తాత ఇలా వాయిస్తూ ఉంటే నాకు సూది పొడిచేవాడు పుట్టలేదు. ఆ క్రుమ్ గాడికి చెప్పు, రేపట్నుంచి సరిగ్గా తొక్కమని. వాడు నిద్రలో కూడా తప్పడు. మొదటిరోజే తెలిసిపోయింది నాకు."

వెన్కా తెల్లబోయింది. "తెలిసీ ఇన్నాళ్లు పడుకున్నావా?"

"సిగ్గేసింది వెన్కా. నాకోసం గుమ్మం గుమ్మం తిరిగావు. రోజూ కమ్మీ దగ్గర నీ పక్కన నా చోటు వదిలిపెట్టి తొక్కుతున్నావు. సోఫాలోంచి అదే కనపడేది. ఎన్నాళ్లు చూడను?"

ఇన్ని రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు వెన్కాకు అప్పుడొచ్చింది. రుమాలు లాక్కుని అతని భుజం మీద ఒక్కటేసి, దానితోనే కళ్లు తుడుచుకుంది. స్తామెన్ కమ్మీ పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే లేచి, ఆమెకు చెయ్యందించాడు.