బంపర్ కుడి చెవి

ఆ ఆదివారం కేరళలోని ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే: అన్సి, ఆమె చాచ్చా అని పిలిచే తండ్రి వర్కి, అమ్మమ్మ అమ్మచ్చి. అన్సి తల్లి మంగళూరు ఆసుపత్రిలో నర్సు. ఓణానికి కూడా సెలవు దొరకలేదు. సోమవారం అమ్మచ్చి కంటికి అక్కడే ఆపరేషన్ కాబట్టి ముగ్గురూ కారులో వెళ్దామనుకున్నారు. తీరా చర్చి నుంచి వస్తూ వర్కి కారుని గేటు స్తంభానికి గుద్దాడు. ముందు బంపర్ ఊడి వేలాడింది.

"ఆదివారం షెడ్డు ఎవడు తెరుస్తాడు? మనమే బిగిద్దాం. నిలబడిందా, బయల్దేరడమే" అన్నాడు వర్కి.

బడి తెరిచాక అన్సి అమ్మని చూడనేలేదు. గబగబా బంపర్ ఎత్తి పట్టుకుంది.

"చూడు మోళే," అని కూతురిని ముద్దుగా పిలిచాడు వర్కి. "ఏదీ ముందే బిగించెయ్యకు. మరలన్నీ చేత్తో కాస్త కాస్త పట్టించు. రెండు పక్కలా సందు సమంగా వచ్చాక, మధ్య నుంచి చివరలకి బిగించాలి. ఆగిందా, ఇక తిప్పకు. ఇది ఇనుము కాదు, ప్లాస్టిక్."

కర్రపెండలం చెక్కు తీస్తున్న అమ్మచ్చి నవ్వింది. "గుద్దేటప్పుడు ఏమైందో ఈ తెలివి!"

"గేటు దగ్గర నిలబడి రా రా అన్నది మీరేగా అమ్మచ్చీ!"

"నాకు కళ్లే కనిపించవు, నా మాట విన్నావా!"

లోపల ఫోను మోగింది. వర్కి చేతులు తుడుచుకుని పరుగెత్తాడు. కిటికీలోంచి అమ్మ నవ్వు వినిపించింది. అమ్మ ఫోను పెట్టేసేలోగా పని ముగించి, 'బయల్దేరుతున్నామమ్మా' అని తనే చెప్పాలనుకుంది అన్సి. ఎడమ చివరి మరను గట్టిగా బిగించేసింది. అప్పుడు బంపర్ కుడి చెవి, అంటే మర దూరే చిన్న రెక్క, కారు మీది రంధ్రానికి అందలేదు. మోకాలితో నెట్టి, మర దూర్చి, బలంగా తిప్పింది.

టప్‌మంది. చెవి నిలువునా చీలింది.

"డ్యూటీకి పిలిచారట, పెట్టేసింది" అంటూ వచ్చి వర్కి ఆగిపోయాడు. బంపర్ మూల టైరు మీదికి వాలి ఉంది.

"తాడుతో కట్టేద్దామా చాచ్చా?"

"టైరుకి రాసుకుంటుంది."

"తీసేసి వెళ్దాం."

"నంబరు పలక దాని మీదే ఉంది కదా. రాష్ట్రం దాటనిస్తారా?"

వర్కి అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది అన్సికి.

రైళ్లలో, బస్సుల్లో చోటు దొరకలేదు. పక్కింటి పైలి తన అనాసపళ్ల లారీలో ఆ మధ్యాహ్నమే మంగళూరు వెళ్తున్నాడు. అతని పక్కన ఇద్దరికే చోటు.

"పిల్లని పళ్ల మీద కూర్చోబెడదామా?" అన్నాడు పైలి. "ముళ్లు గుచ్చుకుంటే కట్టు కట్టడానికి తల్లి ఉందిగా!"



"పోనీ పిల్లని తీసుకెళ్లు. నా కన్ను ఎక్కడికీ పోదు" అంది అమ్మచ్చి.

"ఈ తేదీ దొరకడానికే మీ అమ్మాయి ఎంత తిరిగిందో మీకు తెలీదా? అన్సి పైలి వాళ్లింట్లో ఉంటుందిలెండి" అన్నాడు వర్కి.

అన్సి అమ్మచ్చి సంచీ తెచ్చి ఆమె కాళ్ల దగ్గర సర్దింది. లారీ తలుపు అంచు పట్టుకుని అక్కడే నిలబడింది.

"చాచ్చా, అమ్మతో..."

"చెయ్యి తియ్యి మోళే, నలుగుతుంది" అని వర్కి తలుపు లాగి మూశాడు.